ఆపిన మందు, ఆపే మందు

రికార్డు ఆఫీసు, మరమ్మతు గది
మంగళవారం

ఆడపడుచు గారికి,

కవరు మీద నా చేతిరాత చూడగానే నీ గుండె గుభేలుమంటుందని తెలుసు. అందుకని ముందే చెప్తున్నాను. నేను లేచి తిరుగుతున్నాను, మీ అన్నయ్య బాగున్నాడు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ప్రెస్సులో ముప్పై ఏళ్లు మిషన్ల పక్కన నిలబడి ఆయన చెవులు పోగొట్టుకున్నాక మా ఇంట్లో ఫోన్లన్నీ స్పీకర్ మీదే కదా. పక్కన కూర్చుని "ఏమందీ? ఏమందీ?" అంటూ ఉంటే ఈ సంగతి నా నోట రాదు.

ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. ముప్పై నాలుగు మిల్లీమీటర్లు. సూదితో ముక్క తీసి పరీక్ష చేశారు. క్యాన్సరే. హార్మోన్ తిని పెరిగే రకమట.

మూడేళ్లుగా నేను పొట్ట మీద అంటించుకుంటున్న పట్టీ ఉంది కదా, నెలసరి ఆగిపోయాక ఒంట్లో తగ్గిన హార్మోన్‌ని బయటి నుంచి ఇచ్చేది, దాన్ని అదే రోజు తీసేయమన్నారు. దాని బదులు ఒక మాత్ర ఇచ్చారు. ఒంట్లో హార్మోన్ తయారవకుండా ఆపుతుంది. నాలుగు నెలలు వేసుకుంటే గడ్డ చిన్నదవుతుందట. చిన్నదైతే గడ్డ వరకే తీస్తారు, అవ్వకపోతే మొత్తం తీసేస్తారు. రెండు నెలలకి ఒకసారి స్కానింగ్ చేసి చూస్తారు.

సర్జనమ్మ చీటీ మీద రెండు లైన్లు రాసిచ్చింది. "హార్మోన్ మందు ఆపాలి. హార్మోన్ ఆపే మందు వేసుకోవాలి." మీ అన్నయ్య దాన్ని నాలుగుసార్లు చదివి, "ఇంతకీ ఆపమందా, వేసుకోమందా?" అన్నాడు. నవ్వొచ్చింది. అక్కడే హాస్పిటల్ వరండాలో ఇద్దరం నవ్వుకున్నాం.

నువ్వు ఉన్నపళంగా లేచి బస్సెక్కకు. ఇక్కడ నువ్వు చేసేదేమీ లేదు. ఆఫీసుకి వెళ్తూనే ఉన్నాను.

నీ వదిన

---

డ్రైవింగ్ స్కూల్ షెడ్డు
శనివారం, రెండు క్లాసుల మధ్యలో

వదినా,

ఉత్తరం అందింది. చదివి కార్లోనే కూర్చున్నాను. నేర్చుకోవడానికి వచ్చినాయన కిటికీ తట్టి, "మేడమ్, ఈరోజు రివర్స్ అన్నారు" అన్నాడు. రివర్స్ లేదు, ఏమీ లేదు పొమ్మన్నాను.

నిన్ను కాదు, ముందు నన్ను నేను తిట్టుకున్నాను. ఆ పట్టీ నీకు అంటించింది ఎవరు? నేనే కదా! "నేను వాడుతున్నాను, సుఖంగా నిద్రపోతున్నాను, నువ్వెందుకు ఈ నరకం పడతావు" అని నీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరి, మా డాక్టరమ్మ దగ్గరికి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది నేను. నువ్వు వద్దు వద్దంటూనే వచ్చావు. నిజం చెప్పు, నావల్లే కదా ఇది?

వారం సెలవు అడిగాను, ఇచ్చారు. నేను వస్తాను. మాత్ర ఏ పూట వేసుకోవాలో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి బీరువాకి అంటించు. అన్నయ్యని నమ్ముకోకు. ఆయన చెవులతో పాటు మతిమరుపు కూడా కలిసొచ్చింది.

మాత్ర పేరు రాయలేదేం? నాకన్నీ రాయాలి.

నీ బ్రేకమ్మ

---

మరమ్మతు గది
గురువారం

బ్రేకమ్మా,

మీ అన్నయ్య ఆ పేరు ఊరికే పెట్టలేదు నీకు. ఎవరి బండి అయినా సరే, నీ కాళ్ల దగ్గర ఒక బ్రేకు ఉండాల్సిందే. నువ్వు రావద్దు. వస్తే నన్ను మంచం దిగనివ్వవు, నాకేమో పనుంది. సెలవు దాచుకో, ఆపరేషనప్పుడు పనికొస్తుంది.

మాత్ర రోజూ పొద్దున ఎనిమిదింటికి వేసుకుంటున్నాను. ఒక్క రోజు తప్పలేదు. బీరువాకి కాగితం కూడా అంటించాను, పెన్సిల్‌తో రాసి. మా ఆఫీసులో పెన్ను లోపలికి రానివ్వరని ఇంట్లో కూడా నాకు పెన్సిలే అలవాటు.

ఈ నెలంతా నా బల్ల మీద ఒక పాత జనన రిజిస్టరు ఉంది. రెండు వందల పేజీలు, సగం పురుగులు తినేశాయి. సీతాకోకచిలుక రెక్కంత పల్చటి కాగితానికి గంజి రాసి, చిరుగు మీద పరిచి, బ్రష్‌తో సర్దుతాను. ఒక పేజీకి పూట పడుతుంది. చేతులు పొడిగా, నిదానంగా ఉండాలి. దేవుడి దయ, ఉన్నాయి.

ఒక చిన్న పని చేసిపెట్టు. నేను ఏ పట్టీ వాడేదాన్నో నర్సు చూడాలంటోంది. నా దగ్గర పెట్టె లేదు. నీదీ అదే రకం కదా, నీ దగ్గర ఎక్కువ ఉంటే ఒకటో రెండో పెట్టెలు పోస్టులో పంపు.

నీ వదిన

---

మా ఇల్లు
ఆదివారం

వదినా,

రెండు పెట్టెలు పంపుతున్నాను. ఒకటి చాలదా నర్సుకి అని అడగబోయి ఊరుకున్నాను, నీతో వాదన నాకెందుకు. నా దగ్గర చాలానే ఉన్నాయిలే.

నువ్వు రావద్దన్నావని మొహం మాడ్చుకుని కూర్చున్నాను. నీ ఉత్తరంలో ఇంకోటి కూడా చూశాను. నేను అడిగినదానికి జవాబు రాయలేదు. మళ్లీ అడుగుతున్నాను. ఆ పట్టీ వల్లేనా?

నీకు ఒంట్లోంచి వేడి ఆవిర్లు రావట్లేదా? పట్టీ తీసేస్తే మళ్లీ మొదలవుతాయని మా డాక్టరమ్మ అప్పుడే చెప్పింది. నువ్వేమో చేతులు పొడిగా ఉన్నాయంటున్నావు. అదృష్టవంతురాలివి.

నీ మరదలు

---

మా వంటింటి బల్ల
బుధవారం

ఆడపడుచు గారికి,

స్కానింగ్ అయింది. ముప్పై నాలుగు. రెండు నెలల కిందట ఎంతో ఇప్పుడూ అంతే. సర్జనమ్మ సినిమా చూసినట్టు ఆ ఫొటోల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మాత్ర వేసుకుంటున్నారు కదా?" అంది. వేసుకుంటున్నానన్నాను. ఇంకో నెల చూసి, ఇలాగే ఉంటే మొత్తం తీసేద్దామంది.

రావద్దు. మీ అన్నయ్య దగ్గర కంగారు పడకు. ఆయనకి "కొంచెం తగ్గింది" అని చెప్పాను.

వదిన

---

డ్రైవింగ్ స్కూల్, ఆఫీసు గది
సోమవారం

వదినా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మాత్ర మంచిదేనా? ఇంకో డాక్టర్‌కి చూపిద్దాం. వేసుకున్న అరగంటలో వాంతి అవట్లేదు కదా?

నీకో మాట చెప్పాలి. చెప్పకూడదనుకున్నాను. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే నా పట్టీ పీకేశాను. ఎవర్నీ అడగలేదు. వదినకి అంటించి జబ్బు తెప్పించి, నేను మాత్రం హాయిగా అంటించుకుని తిరగనా అనిపించింది. నాకూ వస్తుందేమోనన్న భయం కూడా ఉంది, దాచడమెందుకు. అందుకే అన్ని పెట్టెలు మిగిలాయి, నీకు పంపగలిగాను.

రెండున్నర నెలలు అవుతోంది. రోజుకి పదిహేనుసార్లు ఒళ్లంతా కుంపటి. రాత్రికి మూడు నైటీలు మారుస్తున్నాను. పోయిన వారం ఒక బడి పంతులమ్మకి డ్రైవింగ్ నేర్పిస్తున్నాను, పాపం ఆవిడ నేర్చుకోవడం అది నాలుగో రోజు. రోడ్డు ఖాళీ. ఎదురుగా పిల్లి కూడా లేదు. ఆవిడ గేరు మార్చడానికి తడబడింది, అంతే, నాకు ఎక్కడలేని కోపం వచ్చి నా వైపు బ్రేకు బలంగా తొక్కాను. ఆవిడ మొహం స్టీరింగుకి కొట్టుకుంది. కళ్లజోడు విరిగింది, ముక్కు మీద చీరుకుంది. ఇరవై రెండేళ్లలో నా కార్లో ఒకరికి దెబ్బ తగలడం ఇదే మొదలు. ఓనరు నన్ను వారం రోజులు టేబుల్ దగ్గర కూర్చోబెట్టాడు. అక్కడ నుంచే రాస్తున్నాను.

నువ్వెలా ఉండగలుగుతున్నావు వదినా? నీ ఉత్తరాలు చదువుతుంటే ఏసీ గదిలో కూర్చున్నట్టు ఉంటాయి. నాకు కూడా ఆ ఉపాయం ఏదో చెప్పు.

నీ మరదలు

---

మరమ్మతు గది
గురువారం

నా దగ్గర ఉపాయం ఏమీ లేదు. నేను పట్టీ తీయలేదు.

ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది. నువ్వు నాకోసం ఒళ్లు కాల్చుకుంటున్నావు, నేనేమో నువ్వు పంపిన పట్టీలు అంటించుకుని చల్లగా కూర్చుని నీకు ఉత్తరాలు రాస్తున్నాను. ఆ పంతులమ్మ ముక్కు గురించి చదివాక ఇక దాచలేకపోయాను.

నా పాత ఉత్తరాలు తీసి చూసుకో. తీసేయమన్నారని రాశాను, తీసేశానని ఎక్కడా రాయలేదు. నలభై ఏళ్లు కాగితాలతో బతికినదాన్ని, కాగితం మీద అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. నర్సు చూడాలంటోందన్నది మాత్రం పచ్చి అబద్ధం. నా దగ్గర సగం పెట్టె ఉండేది, అది అయిపోతే ఏం చేయాలో తెలియక నిన్ను అడిగాను. పొద్దున హార్మోన్ ఆపే మాత్ర, పొట్ట మీద హార్మోన్ ఇచ్చే పట్టీ. ఒక పక్క నుంచి తోడేస్తూ ఇంకో పక్క నుంచి పోసుకుంటున్నాను. గడ్డ ఎలా తగ్గుతుంది?

దొరికిపోతే ఏం చెప్పాలో కూడా సిద్ధం చేసుకున్నాను. "హార్మోన్ మందు ఆపాలి, హార్మోన్ ఆపే మందు వేసుకోవాలి" అన్న రెండు లైన్లు తికమకగా ఉన్నాయి, రెండూ వేసుకోమన్నారనుకున్నాను అని చెప్దామనుకున్నాను. మీ అన్నయ్య సాక్ష్యం ఎలాగూ ఉంది. రెండు వందల ఏళ్ల నాటి గొలుసుకట్టు రాత చదివేదాన్ని, సర్జనమ్మ చక్కగా రాసిన రెండు లైన్లు అర్థం కాలేదంటే ఎవరు నమ్ముతారో మరి.

ఎందుకు తీయలేదో చెప్తాను. నువ్వు నన్ను డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లడానికి నెల ముందు, నాలుగు రాత్రులు నిద్ర లేకుండా పనికి వచ్చాను. బల్ల మీద జనన రిజిస్టరే, ఇప్పటిది కాదు, ఇంకోటి. ఆవిరి వచ్చింది. నుదుటి మీంచి ఒక చెమట బొట్టు పేజీ మీద పడింది. అద్దే కాగితం పెట్టి ఆగాలి, మొదటి రోజు నేర్పేది అదే. నేను కంగారులో చీర చెంగుతో తుడిచేశాను. సిరా మొత్తం వచ్చేసింది. అక్కడొక బిడ్డ పేరు ఉండేది. ఇప్పుడు లేదు. ఆ పేరేమిటో నేను చదవలేదు కూడా. ఎవరికీ చెప్పలేదు, పైన పల్చటి కాగితం అతికించి పుస్తకం మూసేశాను.

పట్టీకి ముందు ఆ రెండేళ్లు నేనెలా ఉన్నానో నీకు తెలియదు. మీ అన్నయ్య మీద గ్లాసు విసిరాను. బస్సులో ఎక్కడ దిగాలో మర్చిపోయి చివరి స్టాపు దాకా వెళ్లి ఏడ్చాను. నువ్వు పట్టీ అంటించిన పది రోజులకి మళ్లీ నేను నేనయ్యాను. అందుకే సర్జనమ్మ తీసేయమన్నప్పుడు నాకు గడ్డ కంటే అదే ఎక్కువ భయమేసింది. చావంటే భయం లేదనుకోకు, ఉంది. కానీ చావు ఎప్పుడో వస్తుంది, గ్లాసు విసిరిన ఆ ఆడమనిషి మాత్రం వారంలో వచ్చి నా ఇంట్లో కూర్చుంటుంది.

నన్ను తిట్టు. కానీ మీ అన్నయ్యకి చెప్పకు.

వదిన

---

మా ఇల్లు
శనివారం

వదినా,

కోపంలో గబగబా రాస్తున్నాను, అక్షరాలు సరిగ్గా రాకపోతే నువ్వే అతికించుకుని చదువుకో.

నీకు బుద్ధుందా? నీ గడ్డకి తిండి పెట్టడానికి నాచేత పోస్టు చేయించుకున్నావా? స్టాంపులు అంటించి, లోపల జాగ్రత్తగా కాగితాలు కుక్కి, పెట్టె నలక్కూడదని పోస్టాఫీసాయనకి రెండుసార్లు చెప్పాను వదినా. ఒకసారి నేను తెలియక అంటించాను. రెండోసారి కూడా నాచేతే అంటించుకున్నావు.

వచ్చే శుక్రవారం లోపల సర్జనమ్మకి నువ్వే చెప్పాలి. అన్నయ్యకీ చెప్పాలి. చెప్పకపోతే శనివారం పొద్దున ఫోన్ చేస్తాను, స్పీకర్‌లో, నీ వీధి వీధంతా వినేలా చెప్తాను. ఇప్పుడు మాత్రం నా కాలు బ్రేకు మీదే ఉంది.

ఆ రెండేళ్ల సంగతి నాకెందుకు చెప్పలేదు? గ్లాసు విసిరితే నా మీద విసరాల్సింది, నేను పట్టుకునేదాన్ని.

అంతే. ఇంకేమీ రాయను.

---

మా వంటింటి బల్ల
శుక్రవారం సాయంత్రం

బ్రేకమ్మా,

ఫోన్ చేయక్కర్లేదు. చెప్పేశాను.

సర్జనమ్మ నా ఫైలు మూసి పక్కన పెట్టింది. తిడుతుందనుకుని తల దించుకున్నాను. "రోజుకి ఎన్నిసార్లు వచ్చేవి ఆవిర్లు?" అంది. ఈ రెండు నెలల్లో ఎవరూ అడగని మాట అది. నేనూ చెప్పలేదనుకో. హార్మోన్ లేకుండా ఆవిర్లు తగ్గించే మాత్రలు వేరే ఉన్నాయట, పూర్తిగా పోవు కానీ సగానికి సగం తగ్గొచ్చట. రాసిచ్చింది. పట్టీ అక్కడే, నర్సు ముందు తీశాను. కింద చర్మం తెల్లగా, నలుచదరంగా ఉంది. నర్సు దాన్ని చెత్తబుట్టలో వేసి పేరు, తేదీ రాసుకుంది. నాలుగు నెలలు ఇవాళ్టి నుంచి మళ్లీ మొదలు.

మీ అన్నయ్యకి ఇంటికొచ్చి చెప్పాను. గట్టిగా కూడా చెప్పలేదు. ఒక్కసారి కూడా "ఏమందీ" అనలేదు. మొత్తం విని, లేచి వెళ్లి, ఇంట్లో ఉన్న గాజు గ్లాసులన్నీ తీసి పైఅరలో పెట్టి, స్టీలువి కిందకి దించాడు. ఆయనకి గ్లాసు సంగతి గుర్తుందన్నమాట. ఏడవాలో నవ్వాలో తెలియక ఆయన్నే చూస్తూ నిలబడ్డాను.

నువ్వు మీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లు. నా జబ్బుకి నువ్వు పథ్యం చేయడమేమిటి?

ఇప్పుడు మాత్రం రావద్దు. ఈసారి దాచడానికేమీ లేదు, నిజంగానే చెప్తున్నాను. వచ్చే రోజులు ఎలా ఉంటాయో నాకు తెలుసు. నీ మీద అరవడం నాకిష్టం లేదు.

నీ వదిన

---

డ్రైవింగ్ స్కూల్, కార్లో
మంగళవారం

వదినా,

నెల దాటింది నువ్వు రాసి. అన్నయ్య ఫోన్‌లో "మీ వదిన ఫ్రిజ్ తలుపు తీసి దాని ముందు కుర్చీ వేసుకుంది" అన్నాడు. అరుస్తున్నావా? అరిచెయ్. ఆఫీసుకి వెళ్లగలుగుతున్నావా?

మా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. చెప్పాపెట్టకుండా మానేసినందుకు చెడామడా తిట్టింది. పరీక్షలన్నీ చేయించింది, ఏమీ లేదు. మా వదినకి వచ్చింది కదా, నాకూ వస్తుందేమో అన్నాను. "వదిన రక్తసంబంధం కాదమ్మా" అంది. ఆవిడ మంచిగానే చెప్పింది. నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. బయటికొచ్చి కారులో ఏడ్చాను. ముప్పై ఏళ్లుగా నాకున్న సంబంధం నువ్వే కదా.

కావాలంటే మళ్లీ అంటించుకోవచ్చంది. పట్టీ చేతిలోకి తీసుకుంటాను, మళ్లీ పెట్టెలో పెట్టేస్తాను. ఇప్పటికి ఎన్నోసారో మళ్లీ అడుగుతున్నాను, నన్ను దాటేయకు. నేనే కదా?

నీ మరదలు

---

హాస్పిటల్, రెండో అంతస్తు, కిటికీ పక్క మంచం
ఆదివారం

అమ్మాయ్,

చాలా రోజులు రాయలేదు. రాయగలిగే స్థితిలో లేను. మా ఆఫీసరుకి చెరిగిపోయిన పేరు సంగతి చెప్పేశాను. ఆ రిజిస్టరుకి నకలు లేదు, కాబట్టి ఆ పేరు పోయినట్టే. సంజాయిషీ రాయించుకుని, నన్ను కింద చల్లటి గదిలో పుస్తకాల దుమ్ము దులిపే పనికి మార్చాడు. సగం రోజులు అది కూడా చేయలేక ఇంటికొచ్చేదాన్ని. ఆ ఆడమనిషి వచ్చింది, మూడు నెలలు మా ఇంట్లోనే ఉంది, మీ అన్నయ్య ఆవిడకి కూడా మంచినీళ్లు ఇచ్చాడు.

నాలుగు నెలలకి గడ్డ పందొమ్మిది మిల్లీమీటర్లయింది. మొన్న బుధవారం గడ్డ వరకే తీశారు. రొమ్ము ఉంది. చంకలోంచి మూడు గ్రంథులు తీసి చూస్తే ఒకదాంట్లో క్యాన్సర్ కనబడింది. ఇక ముందు రేడియేషను, ఐదేళ్లు అదే మాత్ర. నేను ఆ పది వారాలు మోసం చేయకపోయి ఉంటే అది చంకలోకి వెళ్లేది కాదా అని సర్జనమ్మని అడిగాను. "తెలియదు" అంది. అంతకు ముందే ఉండొచ్చు, ఆ వారాల్లోనే వెళ్లి ఉండొచ్చు, ఎవరూ చెప్పలేరంది.

ఆ మాట విన్నాక నీకు జవాబు రాయగలుగుతున్నాను. నువ్వు అడిగిన ప్రతిసారీ ఎందుకు దాటేశానంటే, "నీ వల్ల కాదు" అని రాయడానికి చెయ్యి రాలేదు. "నీ వల్లే" అని కూడా రాలేదు. నీ సంగతి కూడా ఆవిడని అడిగాను. పట్టీకి ముందే గడ్డ ఉండి ఉండొచ్చు, పట్టీ దాన్ని పెంచి ఉండొచ్చు, తెలియదు అంది. నిన్ను తిట్టుకున్న రోజులు ఉన్నాయి. ఒట్టేసి చెప్తున్నాను, నాలుగో ఐదో ఉంటాయి. నువ్విచ్చిన మూడేళ్ల నిద్ర కూడా నిజమే. నాకు తెలియనిది నేను మోస్తాను. నీకు తెలియనిది నువ్వు మోయి. పక్కపక్కన కూర్చుని మోద్దాం. ఒక్కదాన్నే కూర్చుని మోయాలంటే నా వల్ల కావట్లేదు.

మీ అన్నయ్యకి కట్టు మార్చడం చూస్తే కళ్లు తిరుగుతున్నాయి, నర్సులు ఆయన్ని కూడా ఒక మంచం మీద పడుకోబెడుతున్నారు. నా ఎడం చెయ్యి భుజం దాటి లేవదు. నాలుగు రోజుల నుంచి తల దువ్వుకోలేదు.

పట్టీ అంటించుకుని, రేపటి మొదటి బస్సుకి రా.

నీ వదిన